విద్యుదింజనీరింగు ఉన్నత విద్య: ప్రవేశద్వారపు చరిత్ర

1936వ సంవత్సరం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకొనుచున్న ఇరువదియేండ్ల యువకుడొకడు గోడమీది నోటీసుల మధ్య ఒక చిన్న పోస్టుకార్డును చూచినాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అనగా ఎం.ఐ.టి. అని మనం క్లుప్తంగా చెప్పుకొనే విద్యాలయంలో, ఒక పెద్ద గణనయంత్రాన్ని నడుపుటకు సహాయకుడు కావలెనని ఆ కార్డు సారాంశం. ఆ పనిచేయుచునే పైచదువు చదువుకొనే వీలున్నది. యువకుడు దరఖాస్తు పంపినాడు, చోటు దొరికినది. అతని పేరు క్లాడ్ షానన్.

ఆ యంత్రం పేరు డిఫరెన్షియల్ అనలైజరు. వానెవార్ బుష్ అనే ఆచార్యుడు 1931 నాటికి దానిని నిర్మించినాడు. ఇరుసులు, పళ్ళచక్రాలు, తిరుగుడు బిళ్ళలు, మోటార్లు కలిసి ఒక గదినంతటినీ ఆక్రమించిన యంత్రమది. కొత్త లెక్క వచ్చినప్పుడెల్ల దాని అవయవాలను విడదీసి మరల కూర్చవలసి ఉండెడిది. దానిని అదుపుచేయుటకు రిలేలు అనబడే విద్యుత్ స్విచ్చులు అనేకం ఉండినవి. షానన్ విద్యుదింజనీరింగులోను, గణితంలోను కూడ పట్టం పొందినవాడు. జార్జి బూల్ కల్పించిన తర్కబీజగణితం ఎరిగినవాడు. స్విచ్చు తెరచి ఉండుటకును, మూసి ఉండుటకును, తర్కంలోని అసత్యానికి, సత్యానికి ఉన్న పోలిక అతనికి ఆ యంత్రం ప్రక్కన నిలిచి పనిచేయునప్పుడే స్ఫురించినది. 1937లో ఎం.ఎస్. పట్టం కొరకు అతడు వ్రాసిన సిద్ధాంతవ్యాసానికి ఆ స్ఫురణయే బీజం. నేటి కంప్యూటరు మండలాల రచనకంతటికీ ఆ వ్యాసం పునాది అయినది.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది ఆ సిద్ధాంతవ్యాసం కాదు, ఆ పోస్టుకార్డు. మన ఇండ్లలో పిల్లలు ఇంజనీరింగు ముగించి, విద్యుచ్ఛాఖలో పైచదువుకు పెద్ద విశ్వవిద్యాలయానికి పోవలెనని తలచినప్పుడు తల్లిదండ్రులు వేసే మొదటి ప్రశ్న, ఎన్ని మార్కులు వస్తే సీటు వచ్చునని. మన దేశంలో ప్రవేశమంటే ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక జాబితా. కనుక ఆ ప్రశ్న సహజమే. కాని అమెరికాలో ఈ శాఖకు సంబంధించిన ప్రవేశద్వారం ఆ పద్ధతిలో నిర్మాణమైనది కాదు. అది ప్రయోగశాల అవసరం నుంచి పుట్టినది. యంత్రమున్నది, దానిని నడుపుటకు చేతులు కావలెను. ఆ చేతులకు ఇచ్చే జీతమే విద్యార్థివేతనం. ఆ ద్వారం ఎట్లు ఏర్పడినదో తెలిసినచో, అక్కడివారు దరఖాస్తులో దేనికొరకు వెదకుదురో కూడ కొంత తెలియును.

మొదటి దశను సంగ్రహంగా చెప్పవచ్చు. 1882లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విద్యాలయంలో ఎరాస్ముస్ కిట్లర్ ప్రపంచంలోనే తొలి విద్యుదింజనీరింగు ఆచార్యపీఠాన్ని అధిష్ఠించినాడు. అదే సంవత్సరంలో ఎం.ఐ.టి.లో చార్లెస్ క్రాస్ భౌతికశాస్త్ర శాఖలో అంతర్భాగంగా ఈ విద్యను ప్రారంభించినాడు. మరుసటి యేడు కార్నెల్ విశ్వవిద్యాలయం ఆరంభించినది. మన దేశంలో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు 1911లో తొలి విద్యార్థులను చేర్చుకొన్నప్పుడు తెరచిన శాఖలలో ఎలక్ట్రికల్ టెక్నాలజీ ఒకటి. మనవారు ఈ విషయంలో ఎంతో వెనుకబడి మొదలిడినారని చెప్పుటకు వీలులేదు.

ఐతే ఆ రోజులలో బి.ఎస్. పట్టం పొందిన ఇంజనీరుకు పైచదువు కావలెనని ఎవరును అనుకొనలేదు. అతని పైచదువు కర్మాగారంలోనే. షెనెక్టడీ నగరంలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, కళాశాలలనుంచి వచ్చిన పట్టభద్రులను యంత్రాల పరీక్షాశాలలో పెట్టి, కొత్తగా తయారైన డైనమోలను, ట్రాన్స్‌ఫార్మర్లను వారిచేత పరీక్ష చేయించెడిది. చేతులకు నూనె అంటిన ఆ నెలలే వారికి నిజమైన పట్టం. ప్రత్యావర్తక విద్యుత్తు లెక్కలను 1893లో సంకీర్ణ సంఖ్యల సాయంతో సులభం చేసిన స్టైన్‌మెట్జ్ సహితం ఆ కంపెనీవాడే. విజ్ఞానం కంపెనీలో ఉండగా విశ్వవిద్యాలయానికి మరల పోవుటెందుకు?

పోయిన కొద్దిమందిలో మనం ఇంతకుముందు చెప్పుకొన్న బుష్ ఒకడు. అతని డాక్టరేటు కథ వినోదకరంగా ఉండును. అతడు పెండ్లి చేసుకొనవలెను. పెండ్లికి స్థిరమైన ఉద్యోగం కావలెను. ఉద్యోగానికి డాక్టరేటు కావలెను. కనుక సంవత్సరం తిరుగకుండనే సిద్ధాంతవ్యాసం వ్రాసి 1916 ఏప్రిల్‌లో సమర్పించినాడు. పర్యవేక్షకుడు కెనెలీ ఇంకను పని చేయవలెనన్నాడు. బుష్ అంగీకరించలేదు. శాఖాధ్యక్షుడు డుగాల్డ్ జాక్సన్ బుష్ పక్షాన తీర్పు చెప్పినాడు. హార్వర్డు, ఎం.ఐ.టి.లు కలిసి ఆ పట్టం ప్రదానం చేసినవి. నేడు అయిదారు సంవత్సరాలు పట్టే డాక్టరేటు అప్పుడు పెండ్లి ముహూర్తానికి అందినది!

ఆ కాలంలోనే ప్రవేశం దొరికినంత మాత్రాన సర్వం దొరికినట్లు కాదని అనుభవంలో తెలిసికొన్న స్త్రీ ఎడిత్ క్లార్క్. 1919లో ఎం.ఐ.టి. నుంచి విద్యుదింజనీరింగులో ఎం.ఎస్. పట్టం పొందిన తొలి మహిళ ఆమెయే. పట్టం చేతికి వచ్చినది గాని ఇంజనీరుగా ఎవరును తీసుకొనలేదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో లెక్కలు చేసే స్త్రీలకు పర్యవేక్షకురాలిగా పని దొరికినది. విద్యుత్ ప్రసారమార్గాల లెక్కలను త్వరగా తేల్చే ఒక సాధనాన్ని ఆమె కల్పించినది. ఐనను ఇంజనీరు హోదా రానందున 1921లో కంపెనీని విడిచి కాన్‌స్టాంటినోపుల్ మహిళా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పుటకు వెళ్ళినది. మరుసటి యేడు కంపెనీవారే ఆమెను పిలిచి ఇంజనీరుగా నియమించినారు. తరువాత 1947లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి పొందినది. విద్యాలయపు తలుపు, కర్మాగారపు తలుపు రెండును ఒకే తాళపుచెవితో తెరచుకొనవని ఆమె జీవితం చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక కథ అమెరికా పడమటి తీరానికి మారును. బుష్ వద్ద 1924లో డాక్టరేటు పొందిన ఫ్రెడరిక్ టర్మన్ ఎం.ఐ.టి.లోనే ఉపాధ్యాయుడు కావలసినవాడు. సెలవులకు ఇంటికి పోగా క్షయ సోకినది. మంచము పట్టి, కాలిఫోర్నియాలోనే నిలిచిపోయి, కోలుకొన్న తరువాత స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పనారంభించినాడు. 1932లో వెలువడిన అతని ‘రేడియో ఇంజనీరింగ్’ అనేక దేశాలలో పాఠ్యగ్రంథమైనది. ఆ తరంలో రేడియో సెట్లు తయారుచేసిన ఇంజనీర్లలో ఎందరో ఆ గ్రంథం చదివినవారే.

టర్మన్ తండ్రి లూయీ టర్మన్ బుద్ధిమాంద్య, బుద్ధికుశలతలను అంకెలలో కొలిచే పరీక్షను అమెరికాలో వ్యాప్తిచేసిన మనస్తత్త్వవేత్త. కుమారుడు మాత్రం తన శిష్యులను పరీక్షాపత్రంలో కంటె ప్రయోగశాలలో బాగుగా ఎరిగినవాడు. డేవిడ్ ప్యాకర్డ్ అనే శిష్యుడు షెనెక్టడీలో ఉద్యోగం చేయుచుండగా, 1938లో టర్మన్ అతనికి ఒక చిన్న విద్యార్థివేతనం ఏర్పాటుచేసి వెనుకకు రప్పించినాడు. ప్యాకర్డ్, విలియం హ్యూలెట్ అనే ఇద్దరు మిత్రులు కలిసి 1939లో స్థాపించినదే హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ. వారి తొలి సరకు, హ్యూలెట్ తన సిద్ధాంతవ్యాసం కొరకు టర్మన్ ప్రయోగశాలలో నిర్మించిన శ్రవ్య తరంగజనకమే. ప్యాకర్డ్‌ను టర్మన్ చేర్చుకొన్నది జాబితాలో స్థానం చూచి కాదు. ఎరిగినవాడు గనుక రమ్మన్నాడు.

రెండవ ప్రపంచయుద్ధం రాకపోయి ఉన్నచో ఈ పద్ధతి చిన్న చిన్న శాలలకే పరిమితమై ఉండును. 1940లో ఎం.ఐ.టి.లో రాడారు పరిశోధనకై రేడియేషన్ లాబొరేటరీ ఏర్పడినది. కొద్దిమందితో మొదలై సుమారు 4 వేల మంది పనిచేసే సంస్థ అయినది. దాని అధ్యక్షుడు లీ డూబ్రిడ్జి భౌతికశాస్త్రజ్ఞుడు. పెద్ద పెద్ద స్థానాలలో ఉన్నవారిలో అధికులు భౌతికశాస్త్రజ్ఞులే. యుద్ధకాలంలో హార్వర్డులో శత్రువుల రాడారును నిష్ఫలం చేసే ప్రయోగశాలకు అధ్యక్షుడైన టర్మన్ దీనిని కనులార చూచినాడు. ఎలక్ట్రానిక్ యుద్ధమునకు కావలసిన మౌలిక విజ్ఞానం నాలుగేండ్ల ఇంజనీరింగు చదువులో లేదని, ఇంజనీరులు భౌతికశాస్త్రాన్ని, గణితాన్ని లోతుగా నేర్వకున్నచో తమ శాఖలోనే సహాయకులుగా మిగిలిపోవుదురని అతడు గ్రహించినాడు. యుద్ధానంతరం స్టాన్‌ఫర్డు ఇంజనీరింగు విభాగానికి డీన్ అయి, తన బలమంతయు పైచదువుల మీదనే పెట్టినాడు.

డబ్బు కూడ అప్పుడే వచ్చినది. 1946లో రేడియేషన్ లాబొరేటరీకి వారసురాలిగా ఎం.ఐ.టి.లో రిసర్చి లాబొరేటరీ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ ఆరంభమైనది. అదే సంవత్సరం అమెరికా నౌకాదళం విశ్వవిద్యాలయ పరిశోధనలకు ధనమిచ్చే ఒక కార్యాలయాన్ని నెలకొల్పినది. ఒక ఆచార్యుడు ఒక పరిశోధనకు పూనుకొని ప్రభుత్వం వద్ద ధనం తెచ్చును. ఆ పని చేయుటకు విద్యార్థులను తీసుకొనును. విద్యార్థికి బోధనరుసుము ఉండదు. పైగా నెల నెలకు భత్యం దొరకును. దీనినే రిసర్చి అసిస్టెంటుషిప్పు అందురు. షానన్ చూచిన పోస్టుకార్డు యుద్ధం తరువాత ఒక మహావ్యవస్థగా పెరిగినదన్న మాట. ఇందులోని మర్మం ఒకటే: దరఖాస్తును చదివే ఆచార్యుడు ఒక పిల్లవానికి బహుమతి ఇచ్చుటకు కూర్చున్నవాడు కాడు. తన ప్రయోగశాలలో అయిదేండ్లు తనతో పనిచేయగల మనిషి కొరకు వెదకుచున్నవాడు.

ఆ 1946లోనే మన ప్రాంతం నుంచి ఒకరు ఆ ద్వారం ముందు నిలిచినారు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పట్టం పొంది, అక్కడనే అధ్యాపకులై ఉండిరి. ముప్పదియేండ్లు దాటిన వయస్సులో వారికి టాటా విద్యార్థివేతనం లభించినది. స్టాన్‌ఫర్డుకు వెళ్ళి 1947లో విద్యుదింజనీరింగులో పట్టం పొందినారు. ఆ సంవత్సరాలలో ఆ విభాగానికి డీన్ టర్మన్ గారే. రావుగారు తిరిగివచ్చి హోమీ భాభా బృందంలో చేరి, మన అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ సాధనాలను ఇక్కడనే తయారుచేయుటకు పూనుకొన్నారు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపన వారి చేతులమీదుగా జరిగినది. ఆ నగరంలో వారి పేరనే ఒక పేట ఉన్నది. నాడు బస్సులో ఆ పేరు పిలిచే కండక్టరుకు, దిగే ప్రయాణికులకు, స్టాన్‌ఫర్డు ముచ్చట తెలియకపోవచ్చును.

వయస్సు మీరినదని, శాఖ మారినదని ఆ ద్వారం వారిని అడ్డగించలేదు. ఇది ఒక్కరి విషయం కాదు. మైసూరు విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఎస్సీ. చదివిన రాజేశ్వరి అనే యువతికి 1946లోనే భారత ప్రభుత్వపు విద్యార్థివేతనం లభించినది. ఆమె షానన్ చదివిన మిషిగన్ విశ్వవిద్యాలయానికే పోయి, విద్యుదింజనీరింగులో ఎం.ఎస్., ఆ తరువాత డాక్టరేటు పొందినది. 1953లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో అధ్యాపకురాలై, రాజేశ్వరీ ఛటర్జీ అనే పేరుతో సూక్ష్మతరంగాలలోను, ఏంటెన్నాలలోను ప్రసిద్ధికెక్కినది. గణితం చదివినవారిని విద్యుచ్ఛాఖ ఆదరించుట యుద్ధం నేర్పిన పాఠానికి ఫలితమే. ఆ సంవత్సరమే విశాఖపట్టణంలో ప్రారంభమై పిదప కాకినాడకు తరలిన ఇంజనీరింగు కళాశాలలో తొలి తరగతులు జరుగుచుండినవి. హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929 నుంచియే ఉన్నది. తెలుగునాట బి.ఇ.కి చోటు ఉన్నది గాని, దాని పైమెట్టు కొరకు పరదేశం పోవలసిన రోజులవి.

ఆ తరువాతి పదేండ్లకు, ఏ ధనిక పరీక్షాకేంద్రాల అండ లేకుండ, పూనా ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలనుంచి 1956లో టెలికమ్యూనికేషను పట్టం పొందిన థామస్ కైలాత్ ఎం.ఐ.టి.లో ప్రవేశించినాడు. అతడు పనిచేసినది యుద్ధానంతరం ఏర్పడిన ఆ ఎలక్ట్రానిక్ పరిశోధనశాలలోనే. పోస్టుకార్డు చూచి వచ్చిన షానన్ అప్పటికి అక్కడ ఆచార్యుడు. అతడు 1948లో ప్రకటించిన సమాచార సిద్ధాంతమే ఆ శాలకు ప్రాణం. కైలాత్ 1959లో ఎం.ఎస్., 1961లో డాక్టరేటు పొందినాడు. భారతదేశంలో పుట్టి ఎం.ఐ.టి.లో విద్యుదింజనీరింగు డాక్టరేటు పొందినవారిలో అతడే ప్రథముడు. 1963లో స్టాన్‌ఫర్డులో అధ్యాపకుడై, బల్లకు ఆవలివైపున, దరఖాస్తులు చదివేవైపున కూర్చున్నాడు.

ఆవలివైపున కూర్చున్నవారికి ఒక చిక్కు ఉన్నది. దానిని మనవారు తరచు గ్రహింపరు. మనకు నూటికి 60 వచ్చినచో ప్రథమశ్రేణి. అమెరికాలో నూటికి 60 అంటే చాలచోట్ల తప్పినట్లే లెక్క. పూనాలో 68, కాకినాడలో 72, ఈ రెండింటిలో ఏది గొప్ప? కేంబ్రిడ్జి నగరంలోని ఆచార్యునికి ఎట్లు తెలియును? తమ దేశంలోనే వేరు వేరు కళాశాలల మార్కులను పోల్చుట కష్టమై, 1936లో హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయాలు కార్నెగీ సంస్థతో కలిసి ఒక ఉమ్మడి పరీక్షను ప్రయోగాత్మకంగా ఆరంభించినవి. అదే జి.ఆర్.ఇ. షానన్ పోస్టుకార్డు, ఈ పరీక్ష ఒకే సంవత్సరపు సంతానం కావడం చమత్కారం. 1947లో ఏర్పడిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ దాని నిర్వహణను చేపట్టినది. ఆంగ్లభాషకు టోఫెల్ పరీక్ష 1964లో వచ్చినది. ఇంజనీరింగుకు ప్రత్యేకించిన జి.ఆర్.ఇ. పరీక్ష కూడ ఒకటి ఉండెడిది. 2001లో దానిని నిలిపివేసినారు.

మన పిల్లలు ఆ పరీక్ష కొరకు ఆంగ్లపదాల పట్టికలను వేదపాఠంవలె వల్లెవేసిన దశాబ్దాలు గడచినవి. ఆ శ్రమ వ్యర్థమని నేననను. దూరదేశంలోని తెలియని కళాశాల పేరు మీద తెర తొలగించుటకు అది కొంత తోడ్పడినది. కాని అది వడపోతకు మాత్రమే పనికివచ్చినది, ఎంపికకు కాదు. నూరుగురికి గణితభాగంలో పూర్తి మార్కులు వచ్చినప్పుడు ఆ అంకె ఏమి చెప్పగలదు? 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు అనేక విశ్వవిద్యాలయాలు ఆ పరీక్షను ఐచ్ఛికం చేసినవి, కొన్ని విడిచిపెట్టినవి. చాలచోట్ల అది మరల రాలేదు. అంకె పోగా మిగిలినవి, మొదటినుంచి ముఖ్యమైనవి, రెండే: చేసిన పని, దానిని చూచినవారి ఉత్తరం.

ఉత్తరం సంగతి కొంచెం వివరంగా చెప్పవలెను. మన పక్షాన ఎవరైన బాధ్యత వహించి చెప్పుట విద్యలో పురాతనమైన ఆచారమే. 1937లో పదునెనిమిదేండ్లకే భర్తను కోల్పోయి, ఒడిలో పసిపాపతో ఉన్న అయ్యలసోమయాజుల లలితగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాఖలో చేరినప్పుడు, అక్కడనే విద్యుదింజనీరింగు ఆచార్యులైన ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రిన్సిపాలును, విద్యాశాఖ డైరెక్టరును ఒప్పించవలసి వచ్చినది. ఆడపిల్లలను అంతవరకు చేర్చుకొనని కళాశాల తలుపు అట్లు తెరచుకొన్నది. ఆమె 1940ల తొలినాళ్ళలో పట్టం పొంది, భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైనారు. అది పైచదువు కాకపోవచ్చును. ఐనను చదువరి స్వయంగా చూపలేనిదానిని చూచినవాడు చెప్పవలెనన్నదానికి మన తెలుగువారిలో ఇంతకంటె మంచి నిదర్శనం నాకు తోచుటలేదు.

కాన్పూరు ఐ.ఐ.టి. విషయం చూడండి. 1962 నుంచి 1972 వరకు తొమ్మిది అమెరికా విద్యాసంస్థలు ఆ కళాశాలకు సహాయపడినవి. వాటిలో ఎం.ఐ.టి., ప్రిన్స్‌టన్, బర్క్‌లీ, పర్డూ ఉన్నవి. అక్కడి ఆచార్యులు కాన్పూరు వచ్చి పాఠాలు చెప్పినారు, 1963లో ఐ.బి.యం. 1620 కంప్యూటరు వచ్చినది. అట్టి ఆచార్యుడు తన దేశంలోని సహోద్యోగికి ఒక శిష్యుని గూర్చి వ్రాసినచో, చదివేవాడికి వ్రాసినవాడు తెలియును, వ్రాసినవాడికి పిల్లవాడు తెలియును. గొలుసులో తెగిన లంకె లేదు. 1959లో వరంగల్లులో పుట్టిన రీజనల్ ఇంజనీరింగు కళాశాల విద్యార్థికి, కాకినాడ విద్యార్థికి బుద్ధి తక్కువై కాదు, ఈ గొలుసు లేకనే దారి దూరమైనది.

దీనికితోడు మన ఉత్తరాల ధోరణి. విద్యార్థి వినయశీలుడు, కష్టపడువాడు, సత్ప్రవర్తన గలవాడు. ఇదే వాక్యం ముప్పదిమందికి. సత్ప్రవర్తన మంచిదే, కాని ప్రయోగశాలకు మనిషిని వెదకువానికి దానివలన తెలిసేదేమి? అమెరికా విశ్వవిద్యాలయాలు ఉత్తరం వ్రాసేవారిని తరచు సూటిగా అడుగును: మీరు ఎరిగిన విద్యార్థులలో ఇతడు ఎన్నవవాడు? ఏ పనిని తానుగా చేసినాడు? ఎక్కడ చిక్కుకొన్నాడు, ఎట్లు బయటపడినాడు? ఈ ప్రశ్నలకు సమాధానం వ్రాయవలెనంటే ఉపాధ్యాయుడు శిష్యుని పని చూచి ఉండవలెను. శిష్యుడు చూపుటకు పని చేసి ఉండవలెను. మూడవ యేట నుంచి ఒక అధ్యాపకుని ప్రక్కన కూర్చుండి, ఒక చిన్న మండలాన్నో, ఒక లెక్కనో సాంతం నడిపినవానికి ఈ ఉత్తరం సులభంగా వచ్చును. పదిమంది పెద్దల సిఫారసులకు తిరిగినవానికి రాదు.

1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించిన పిదప, 1958లో అమెరికా చట్టం చేసి పైచదువులకు ఇంకను ధనం ఇచ్చినది. 1965లో వలస చట్టం మారి ఆసియావారికి అక్కడ నిలుచుటకు దారి సుగమమైనది. తెలుగు ఇంజనీర్ల ప్రవాహం అటునుంచి పెరిగినది. ఇదంతయు అందరికి తెలిసిన కథయే. తెలియనిది, లేక తెలిసియు మరచేది, ఒక్కటి. ఎం.ఎస్. ప్రవేశం వేరు, డాక్టరేటు ప్రవేశం వేరు. ఎం.ఎస్. విద్యార్థులలో ఎక్కువమంది తమ సొమ్ముతో చదువుదురు. విశ్వవిద్యాలయానికి అది ఆదాయం కూడ. డాక్టరేటు విద్యార్థిని ప్రయోగశాల పోషించును. అందుచేత ఒకే విశ్వవిద్యాలయం పేరున వచ్చిన రెండు ప్రవేశపత్రాలు ఒకటి కావు. ఇంటిని, పొలాన్ని తాకట్టు పెట్టి లక్షలాది రూపాయల అప్పు తెచ్చే తండ్రి, పత్రం మీది పేరు చూచి మురిసిపోక, దాని క్రింద ధనసహాయం గూర్చి ఏమి వ్రాసినారో చదివించుకొనవలెను. ఎం.ఐ.టి. విద్యుచ్ఛాఖవారు బయటివారిని డాక్టరేటు కొరకే చేర్చుకొందురు, బి.టెక్. ముగిసినవెంటనే దానికి దరఖాస్తు పెట్టవచ్చునని మన ఇండ్లలో చాలమందికి తెలియదు. ఇక్కడ గేట్ పరీక్ష వ్రాసి ఐ.ఐ.టి.లలోనో బెంగుళూరులోనో భత్యంతో చదువుకొని, ఆ పని చేతబట్టుకొని పోయే దారి కూడ చక్కనిదే; అప్పు లేని దారి.

దరఖాస్తుతో పంపే స్వవిషయ ప్రకటన అని ఒకటున్నది. రెండు పుటలు. అందులో చిన్ననాట రేడియో విప్పిన ముచ్చట వేలమంది వ్రాయుదురు. విప్పినదానిని తిరిగి పలికించినచో వ్రాయవచ్చును. లేనిచో ఏ సమస్య మీద పనిచేసినారో, ఏమి తేలినదో, ఏమి తేలలేదో, ఆ శాఖలో ఎవరి పని చదివి అక్కడికి రాదలచినారో వ్రాయుట మేలు. విద్యుచ్ఛాఖ నేడు ఒక శాఖ కాదు. విద్యుత్ ప్రసారం, అర్ధవాహకాలు, సంకేతాలు, ఏంటెన్నాలు, ఇట్లు అనేకం. దరఖాస్తును ఆయా విషయాలలోని ఆచార్యులే చదువుదురు. అన్నింటియందును ఆసక్తి కలదని వ్రాసినవాని కాగితం ఎవరి బల్లమీదను నిలువదు.

కాలక్రమం ఇది. గడువులు సాధారణంగా డిసెంబరులో ముగియును. ఉత్తరాలు అడిగేవారు ఉపాధ్యాయులకు కనీసం ఒకటి రెండు నెలల వ్యవధి ఇవ్వవలెను. ఫలితాలు ఫిబ్రవరి, మార్చి నెలలలో తెలియవచ్చును. ధనసహాయంతో కూడిన ఆహ్వానానికి సమాధానం చెప్పుటకు ఏప్రిల్ 15 వరకు గడువుండవలెనని అమెరికా విశ్వవిద్యాలయాలలో పెక్కింటి మధ్య ఒక ఒడంబడిక కలదు. అంతకు ముందే తేల్చమని తొందరపెట్టుట ఆ ఒడంబడికకు విరుద్ధం. రెండు మూడు చోట్ల ఆహ్వానం వచ్చిన విద్యార్థి, తాను పోదలచనిచోటికి ఆ నెల పదునైదవ తేదీ దాక ఆగక, నిర్ణయమైననాడే వద్దని వ్రాసివేయవలెను. అక్కడి నిరీక్షణ జాబితాలో మరొక పేరు ఉండును. ఆ పేరు గల పిల్లయో పిల్లవాడో తమ ఊరిలో ప్రతి ఉదయం ఉత్తరం కొరకు చూచుచుందురు.